గుండె జబ్బున్న పెద్దవాళ్లు ఇంట్లోనే ఆన్‌లైన్ వ్యాయామం మొదలుపెట్టడం ఎలా

మా నాన్నగారికి 71వ ఏట బైపాస్ అయింది. ఇంటికొచ్చాక పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు: "ఇంక కదలకుండా పడుకోండి పెద్దాయనా." డిశ్చార్జి కాగితంలో మాత్రం కార్డియాక్ రిహాబ్‌కు, అంటే గుండె రోగులు కోలుకోవడానికి దగ్గరుండి వ్యాయామం చేయించే కార్యక్రమానికి, రమ్మని రాసి ఉంది. ఆ రిహాబ్ ఉన్నది హైదరాబాద్‌లో, మా ఊరేమో ఒంగోలు దాటాక. వారానికి మూడుసార్లు ఎవరు తిప్పుతారు? చివరికి వీడియోకాల్‌లో ఒక ఫిజియోథెరపిస్టు చేయించిన తరగతులే ఆయన్ని మళ్లీ నడిపించాయి. మేం తప్పులు చేసి తెలుసుకున్నవీ, డాక్టర్లను అడిగి రాసుకున్నవీ ఇక్కడ వరసగా చెబుతున్నాను. రోగి మీరే కావచ్చు, మీ అమ్మచేతో మామగారిచేతో చేయించాల్సిన మనిషి కావచ్చు. ఇద్దరికీ పనికొస్తుంది.

ముందుగా ఒక సందేహం తీర్చేస్తాను. ఇంట్లో చేస్తే ఆస్పత్రిలో చేసినంత ఫలితం ఉంటుందా అని చాలామంది అడుగుతారు. జబ్బు నిలకడగా ఉండి, ప్రమాదం తక్కువగానో మధ్యస్థంగానో ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరి రిహాబ్ తగిన మార్గమేనని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తదితర సంస్థలు 2019లో కలిసి ప్రకటించాయి. "నిలకడగా ఉండి" అన్న ఆ చిన్న మాటను వదిలేయకండి. అది తేల్చాల్సింది మీ డాక్టరు.

మొదటి పని: డాక్టరు నోట ఈ అంకెలు రాయించుకోండి

"వ్యాయామం చేయొచ్చా?" అని అడిగితే "చేయండి, కొంచెం కొంచెంగా" అంటారు. ఆ జవాబుతో ఆన్‌లైన్ తరగతిలో చేరలేం. కాగితం, పెన్ను పట్టుకెళ్లి విడివిడిగా అడగండి.

నా ఈఎఫ్ ఎంత, అంటే గుండె పంపింగ్ శాతం ఎంత? టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెను చూసే పరీక్ష, చేయించాలా? వ్యాయామంలో నా పల్స్ ఎంత దాటకూడదు? ఏ కదలికలు, ఎన్ని వారాలపాటు వద్దు? నొప్పొస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర నాకు రాశారా? ఈ అయిదింటికీ జవాబు తెచ్చుకుంటే సగం పని అయినట్లే. డిశ్చార్జి సమ్మరీని, తాజా ఎకో, ఈసీజీ రిపోర్టులను, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీని ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో వ్యాయామం చేయించేవాళ్లు అవన్నీ అడగాలి. అడగకపోతే ఏం చేయాలో తర్వాత చెబుతాను.

బైపాస్ అయినవాళ్లకు కోసి అతికిన ఛాతీ ఎముక గట్టిపడడానికి సాధారణంగా 6 నుంచి 8 వారాలు, కొందరికి 12 వారాల దాకా పడుతుంది. అప్పటిదాకా బరువులెత్తడం, తోయడం, లాగడం వద్దు. కుర్చీ చేతుల మీద బలం వేసి లేవకూడదు, రెండు చేతులూ వెనక్కి చాపకూడదు. తలుపు గడియ బిగుసుకుపోయిందని గట్టిగా లాగినా ఆ ఎముక మీద ఒత్తిడి పడుతుంది. కాలి నుంచి సిర తీసి ఉంటే ఆ కాలు కొన్నాళ్లు వాస్తుంది, కూర్చున్నప్పుడు పీట మీద ఎత్తుగా పెట్టుకోండి. స్టెంట్ వేయించుకున్నవాళ్లు తొందరగా కోలుకుంటారు కానీ మణికట్టు దగ్గరో గజ్జల దగ్గరో గాయం మానేదాకా ఆగాలి. పేస్‌మేకర్ కొత్తగా పెట్టినవాళ్లు ఆ వైపు చేతిని నాలుగైదు వారాలు భుజం కంటే పైకి ఎత్తకూడదు. షాకిచ్చే పరికరం, అంటే ఐసీడీ ఉంటే, ఎంత పల్స్ దగ్గర అది షాక్ ఇస్తుందో అడిగి తెలుసుకుని, దానికి కనీసం 10 నుంచి 20 తక్కువలోనే ఉండాలి. ఆ అంకె చేయించేవాళ్లకూ తెలియాలి.

కూర్చున్నప్పుడు కూడా ఛాతీ నొప్పి వస్తున్నా, అయోర్టా కవాటం బాగా సన్నబడిందని చెప్పినా, కాళ్ల వాపు, ఆయాసం రోజురోజుకీ పెరుగుతున్నా, గుండె లయ అదుపులో లేకపోయినా ఇప్పుడు మొదలుపెట్టకండి. ముందు వైద్యం, ఆ తర్వాతే వ్యాయామం.

తరగతిని ఎంచుకోవడం

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు, మేమూ పడ్డాం. యూట్యూబ్‌లో "గుండెకు మంచి వ్యాయామాలు" అని వెతికితే కనిపించిన మొదటి వీడియో పెట్టి నాన్నగారిని నిలబెట్టాం. అందులో చేయించే అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. ఆమె వేగాన్ని అందుకోబోయి ఆరో నిమిషంలో ఈయన గోడ పట్టుకున్నారు. మంచి అమ్మాయే, వీడియోలోనూ తప్పు లేదు. కానీ ఆమెకు నాన్నగారు కనబడరు. ఆయన మొహం పాలిపోయిందో లేదో ఆ వీడియోకి తెలియదు.

అందుకే మొదటి మూడు నెలలు మిమ్మల్ని కళ్లారా చూస్తూ చేయించే తరగతే కావాలి. చేయించేవాళ్లు అర్హత ఉన్న ఫిజియోథెరపిస్టు అయి, గుండె రోగులతో పని చేసినవాళ్లయితే మేలు. చేరేముందు వాళ్లు మీ రిపోర్టులు అడిగారా? మందుల పేర్లు రాసుకున్నారా? మీ ఇంటి చిరునామా, దగ్గర్లో ఉండే ఒక మనిషి ఫోన్ నంబరు తీసుకున్నారా? మీరు హైదరాబాద్ నుంచి వచ్చే తరగతిలో ఉండి శ్రీకాకుళంలో పడిపోతే 108కి ఏ ఊరు చెప్పాలో వాళ్లకు తెలియాలి కదా. ఇవేవీ అడగకుండా డబ్బు కట్టమంటే అక్కడ చేరకండి. ఒక తరగతిలో ఆరేడుగురికి మించితే ఒక్కొక్కరినీ గమనించడం కష్టం. నలభై మందిని చిన్న చిన్న గళ్లలో పెట్టి మాట్లాడే తరగతి మీకు రికార్డు వీడియోతో సమానం.

ఇంకో రకం కూడా ఎదురవుతుంది. "40 రోజుల్లో బ్లాకులు కరిగిస్తాం, మందులు మానేయొచ్చు" అంటారు. ఆ మాట విన్నచోటనే ఫోన్ పెట్టేయండి. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు ఎవరో చెప్పారని మానేస్తే స్టెంటే మూసుకుపోవచ్చు, ప్రాణం పోవచ్చు.

యోగా సంగతి. మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మందితో యోగా-కేర్ అనే పరిశోధన జరిగింది. 2020లో అచ్చయిన ఫలితాల ప్రకారం యోగా ఆధారంగా రిహాబ్ పొందినవాళ్లు తమ మామూలు పనుల్లోకి మెరుగ్గా తిరిగి వెళ్లగలిగారు. మళ్లీ గుండెపోటు, మరణం వంటివి మాత్రం చెప్పుకోదగినంత తగ్గినట్టు తేలలేదు. కాబట్టి యోగా ఇష్టమైతే నిశ్చింతగా చేయండి, మందులకు బదులుగా మాత్రం కాదు. కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం, తల కిందికి వంచే ఆసనాలు పక్కన పెట్టండి.

గదీ, కుర్చీ, ఫోనూ

మన ఇళ్లలో పెద్ద శత్రువు తడి బండ. పొద్దున్నే తడిగుడ్డ పెట్టాక టైల్స్ ఆరకముందే తరగతి మొదలైతే జారడం ఖాయం. ఆ గది వ్యాయామం అయ్యాక తుడవమని చెప్పండి. ప్లాస్టిక్ కుర్చీ, చక్రాల కుర్చీ వద్దు. బరువైన చెక్క కుర్చీని గోడకు ఆనించి వేయండి. సోఫాలో కూర్చుంటే లోపలికి కూరుకుపోతారు, లేవడమే పెద్ద వ్యాయామం అవుతుంది. వదులు చెప్పులు, జారే సాక్సులు కాకుండా మడమ పట్టి ఉంచే బూట్లు వేసుకోండి. లుంగీ, చీర అంచు కాళ్లకు అడ్డం పడకుండా చూసుకోండి.

ఫోన్ చేత్తో పట్టుకుని చేయడం కుదరదు. నడుమెత్తు బల్ల మీద డబ్బాకు ఆనించి, మీకు ఏడెనిమిది అడుగుల దూరంలో పెడితే తల నుంచి పాదాల దాకా కనబడతారు. వెలుతురు మీ ముందు నుంచి పడాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ మొహం నల్లగా కనిపిస్తుంది, రంగు మారినా అవతలివాళ్లు పోల్చుకోలేరు. వినికిడి తగ్గినవాళ్లు చిన్న స్పీకరు కొనుక్కోండి. వైర్లున్న ఇయర్‌ఫోన్లు కాళ్లకు చుట్టుకుంటాయి.

మొదటి నెల తరగతి జరిగేటప్పుడు ఇంట్లో ఇంకో మనిషి ఉండి తీరాలి. పక్క గదిలో ఉన్నా ఫరవాలేదు, తలుపు గడియ వేయకుండా ఉంటే చాలు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే వాళ్లు కూడా అదే వీడియోకాల్‌లో చేరవచ్చు, అమ్మానాన్నలకు అది పెద్ద ఉత్సాహం. కానీ అంత దూరాన్నుంచి వాళ్లు చేయి అందించలేరు. పక్కింటివాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, చేయి గుండె ఎత్తులో పెట్టి బీపీ చూసుకోండి. పైది 180 దాటినా, కిందిది 100 దాటినా, విశ్రాంతిలో పల్స్ 100 దాటినా ఆ రోజు వ్యాయామం వద్దు, డాక్టరుకు ఫోన్ చేయండి. మరీ తక్కువై కళ్లు తిరుగుతున్నా అంతే. జ్వరం, విరేచనాలు, రాత్రంతా నిద్రలేకపోవడం వంటివి ఉన్న రోజున సెలవు తీసుకోండి.

గుండె పంపింగ్ తగ్గినవాళ్లు రోజూ పొద్దున కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది తిండి బరువు కాదు, ఒంట్లో చేరిన నీరు. ఆ రోజు తరగతికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వీళ్లకే ఇంకో జాగ్రత్త: ఆన్‌లైన్‌లో చేయించేవాళ్లు అలవాటుగా "నీళ్లు బాగా తాగండి" అంటుంటారు. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని మీ డాక్టరు కొలత పెట్టి ఉంటే దాన్నే పాటించండి. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ కూడా ఆయన్ని అడక్కుండా వద్దు.

షుగరు మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు గ్లూకోమీటరులో 100 కన్నా తక్కువ చూపిస్తే అరటిపండో రెండు బిస్కెట్లో తిని కాసేపు ఆగాలి. భోజనం చేసిన గంటన్నర, రెండు గంటల దాకా వ్యాయామం చేయకండి. మా ఇంట్లో పొద్దున ఆరున్నర తరగతి బాగా కుదిరింది. ఎండాకాలంలో కోస్తాలో ఉక్కపోత, తెలంగాణలో వడగాలి, రెండూ గుండెకు భారమే. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది దాటాక వద్దనే నా మాట.

ఎంత గట్టిగా చేయాలి

ఈ ఒక్క విషయం సరిగా తెలిస్తే మిగతా తప్పులన్నీ చిన్నవే.

నాన్నగారు చేతి గడియారంలో పల్స్ చూసుకుని, "92 దాటట్లేదమ్మా, అసలు కష్టపడట్లేదన్నమాట" అని వేగం పెంచేవారు. తరగతిలో ఫిజియో గారు ఆయన మందుల చీటీ మళ్లీ తెరిచి, మెటోప్రొలాల్ పేరు చూపించి ఆపించారు. మెటోప్రొలాల్, అటెనోలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ వంటి మందులు గుండె వేగాన్ని ఎక్కువగా పెరగనివ్వవు, వాటి పనే అది. 220లోంచి వయసు తీసేసి లెక్కకట్టే సూత్రం అవి వాడేవాళ్లకు పనికిరాదు. గడియారం 92 చూపిస్తున్నా ఒళ్లు మాత్రం పూర్తిగా అలిసిపోయి ఉండవచ్చు. గుండె లయ తప్పే జబ్బు, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకూ గడియారం అంకెను నమ్మలేం. మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి.

మరి దేన్ని నమ్మాలి? మీ మాటనే. వ్యాయామం చేస్తూ ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలిగితే సరైన వేగంలో ఉన్నారు. పాట పాడగలుగుతుంటే ఇంకొంచెం పెంచవచ్చు. రెండు మాటలకోసారి ఊపిరికి ఆగాల్సి వస్తే తగ్గించండి. నాన్నగారికి పద్యాలు వచ్చు కాబట్టి పద్యంలో ఒక పాదం అప్పజెప్పడమే మా కొలత. పాదం మధ్యలో ఊపిరి తెగిందంటే వేగం ఎక్కువైనట్టే.

దీంతోపాటు తరగతిలో "ఇప్పుడు మీ కష్టం ఎంత?" అని అంకె అడుగుతారు. అది స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేసిన కొలత. 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 20 అంటే ఇక నా వల్ల కాదన్నట్టు. మీరు 11, 13 మధ్య ఉండాలి, అంటే తేలికకూ కొంచెం కష్టానికీ మధ్య. దయచేసి నిజం చెప్పండి. మనవాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, మొహమాటానికి "ఏం లేదు, బానే ఉంది" అంటారు. ఆ అబద్ధం వల్ల తర్వాతి అంచెలో వేగం పెంచుతారు.

తరగతి ఎలా సాగాలి

మొదటి 15 నిమిషాలు ఒళ్లు వేడెక్కడానికే. కుర్చీలో కూర్చునే మడమలు ఎత్తి దించడం, కాళ్లు ఒకటి తర్వాత ఒకటి ఎత్తుతూ నడిచినట్టు చేయడం, భుజాలు చిన్నగా తిప్పడం, తర్వాత నిలబడి నెమ్మదిగా అడుగులు. గుండె రక్తనాళాలు తెరుచుకోవడానికి ఆ సమయం కావాలి. నెట్ ఆలస్యమై తరగతి మధ్యలో చేరితే మిగతావాళ్లతో కలిసిపోవద్దు, మీ 15 నిమిషాలు మీరు చేసుకున్నాకే కలవండి.

అసలు భాగం మొదటి వారంలో అయిదేసి నిమిషాలు రెండు దఫాలు చాలు, మధ్యలో కూర్చుని విశ్రాంతి. నిలబడ్డచోటే నడక, పక్కకు రెండడుగులు వేసి వెనక్కి రావడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. నిలబడలేనివాళ్లు అన్నీ కుర్చీలోనే చేయవచ్చు. ఇంగ్లండ్‌లో గుండె వైఫల్యం, అంటే గుండె ఒంటికి సరిపడా రక్తం పంప్ చేయలేని జబ్బు, ఉన్నవాళ్ల కోసం రూపొందించిన రీచ్-హెచ్‌ఎఫ్ అనే ఇంటి కార్యక్రమంలోనూ కుర్చీ వ్యాయామాలున్నాయి. కూర్చుని చేస్తే చిన్నతనమేమీ కాదు.

కండబలానికి వారంలో రెండు రోజులు. బైపాస్ అయినవాళ్లు డాక్టరు సరేనన్నాకే. అర లీటరు నీళ్ల సీసా అంటే అర కిలో, దాంతో మొదలుపెట్టండి. పది, పన్నెండుసార్లు. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. దీనికి తేలిక ఉపాయం, "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెడుతూ చేయడం. నోరు తెరిచి లెక్కపెట్టేవాళ్లు ఊపిరి బిగబట్టలేరు.

తూలకుండా నిలబడడం నేర్చుకోవడమూ పెద్దవాళ్లకు అంతే ముఖ్యం. కుర్చీ వీపు పట్టుకుని ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి పది లెక్కపెట్టండి. గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరిన పెద్దవాళ్లకు తూలకుండా నిలబడడం, కండబలం, కదలిక, దమ్ము ఈ నాలుగూ కలిపి నేర్పితే ఒంటి సత్తువ బాగా మెరుగుపడిందని 2021లో వచ్చిన రిహాబ్-హెచ్‌ఎఫ్ పరిశోధనలో తేలింది. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు పడితే తలలో రక్తస్రావం కావచ్చు, అందుకే ఈ భాగాన్ని దాటేయవద్దు.

చివరి 10 నిమిషాలు నెమ్మదించడానికి. తరగతి అయిపోగానే ఫోన్ కట్టేసి కుర్చీలో కూలబడకండి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలోనే ఉండిపోయి బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పవచ్చు. వేడినీళ్ల స్నానానికి కూడా అరగంట ఆగండి.

ఎప్పుడు ఆపేయాలి

ఛాతీలో బరువు, నొప్పి, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లని చెమట, కళ్లు బైర్లు కమ్మడం, మాట రాని ఆయాసం, గుండె గంతులేసినట్టు కొట్టుకోవడం. వీటిలో ఏదొచ్చినా వెంటనే ఆపి కూర్చోండి. తరగతి మధ్యలో లేచిపోతే బాగుండదని సిగ్గుపడకండి, గట్టిగా చెప్పండి. "గ్యాస్ పట్టిందిలే" అని ఈనో తాగుతూ గడిపిన సమయం మళ్లీ రాదు. సార్బిట్రేట్ వంటి మాత్ర మీకు రాసి ఉంటే కూర్చునే నాలుక కింద పెట్టుకోండి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడి కింద పడిపోతారు. లైంగిక సామర్థ్యం కోసం ఎక్కువగా వాడే మాత్రల్లో సిల్డెనాఫిల్ వేసుకుని ఒక రోజు కాకపోయినా, టడలాఫిల్ వేసుకుని రెండు రోజులు కాకపోయినా సార్బిట్రేట్ వేసుకోకూడదు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108. మాత్ర రాసి లేనివాళ్లు అయిదు నిమిషాలు కూడా ఆగవద్దు. ఆస్పత్రికి బైకు మీద కూర్చోబెట్టి తీసుకెళ్లవద్దు.

మాత్ర, ఫోన్, రిపోర్టుల సంచి, ఈ మూడూ వ్యాయామం చేసే గదిలోనే, చేతికందే చోట ఉండాలి.

పెంచుకుంటూ పోవడం

ముందు నిమిషాలు పెంచండి, వేగం తర్వాత. ఒక దఫాకు ఒకటి రెండు నిమిషాల చొప్పున వారం వారం కలుపుకుంటూ పోతే రెండు మూడు నెలల్లో అసలు భాగం 20, 30 నిమిషాలకు చేరుతుంది. పెద్దవాళ్లకు వారానికి 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతదాకా వెళ్లలేనివాళ్లు వెళ్లగలిగినంతే వెళ్లండి. వ్యాయామం చేసిన రోజు సాయంత్రానికి మంచం పట్టేంత అలసట ఉంటే, అంతకుముందు వారానికి దిగిపోండి. పండక్కి, పెళ్లికి పది రోజులు మానేశాక ఆగినచోట నుంచి మొదలుపెట్టకండి, రెండు వారాలు వెనక్కి వెళ్లండి.

ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, బీపీ, పల్స్, బరువు, ఎన్ని నిమిషాలు, కష్టం అంకె రాయండి. నెలకోసారి 30 సెకన్ల పరీక్ష చేసుకోండి: రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో ఎవరైనా పక్కన నిలబడి లెక్కపెట్టాలి. 70 నుంచి 74 ఏళ్లవాళ్లలో మగవారికి 12 కన్నా, ఆడవారికి 10 కన్నా తగ్గితే కాళ్లలో బలం తక్కువని లెక్క.

నాన్నగారి పుస్తకంలో మొదటి పేజీలో 6 అని ఉంది, పన్నెండో వారం పేజీలో 11. పోయినసారి గుండె డాక్టరు ఈసీజీ కన్నా ముందు ఆ పుస్తకమే తీసి చదివారు. ఒక మందు మోతాదు తగ్గించి, పేజీ చివర తేదీ వేసి తిరిగి ఇచ్చారు. తరగతి మాత్రం ఆపలేదు, రేపు పొద్దున ఆరున్నరకు ఉంది.